చూసుకోండి, కదులుతోంది

మా నెదర్ కోంబ్‌లో థిర్జా కొలార్డ్ చేత చీవాట్లు తినని మనిషి ఉన్నాడంటే, వాడింకా బడిలో చేరని పసివాడై ఉండాలి. బడి వంటింట్లో ఆమె ముప్ఫై ఏళ్ళు వండింది. పళ్ళెంలో క్యాబేజీ వదిలేసి తిట్లు తిన్న పిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళు చేసుకుని, వాళ్ళ పిల్లలు కూడా అదే బల్ల దగ్గర కూర్చుని అవే తిట్లు తిన్నారు. మనిషి చూస్తే నా భుజం దాటదు. గొంతు మాత్రం, పొలం అవతల మేసే గొర్రెలు కూడా తలెత్తి చూస్తాయి.

ఆ గొంతుతోనే ప్రతి గురువారం సాయంత్రం చర్చి గోపురంలో మా మీద పెత్తనం చేసేది. మేం ఎనిమిది మందిమి, ఎనిమిది గంటలు. మొదటిదీ, అన్నిటికన్నా చిన్నదీ థిర్జాది. చిన్నదంటే ఒక ఆవు బరువు ఉంటుంది. చివరిదీ, పెద్దదీ హ్యూ అనే రైతుది. రెండోది పోస్టాఫీసులో పనిచేసే ఫిలిప్పాది. అయిదోది నాది. నా పేరు క్లెమెంట్ ప్రింగ్, బడి బస్సు నడిపి రిటైరయ్యాను. మిగతా నలుగురి పేర్లు చెప్పినా మీకు గుర్తుండవు, వాళ్ళేమీ అనుకోరు.

మా గంటలు ఇటూ అటూ ఊపి వదిలేసే రకం కావు. ఒక్కొక్కటీ ఒక పెద్ద చక్రానికి బిగించి ఉంటుంది. నోరు ఆకాశం వైపు పెట్టుకుని నిలబడి ఉంటుంది. కింద తాడు లాగితే ఒక పూర్తి చుట్టు తిరిగి, ఒక్క దెబ్బ మోగి, మళ్ళీ నోరు పైకెత్తి నిలుస్తుంది. మేం వలయంగా నిలబడి, ఒకరి వెనక ఒకరం, ప్రతి చుట్టుకీ వరుస మార్చుకుంటూ లాగుతాం. అందులో పాట ఉండదు, వరుసలే ఉంటాయి. హ్యూ గంట ఎప్పుడూ ఆఖరునే మోగుతుంది కాబట్టి దాన్ని వదిలేస్తే, మిగిలిన ఏడింటినీ ఎన్ని రకాల వరుసల్లో మోగించవచ్చో అన్ని రకాలూ మోగించాలి. ఒకసారి మోగిన వరుస మళ్ళీ రాకూడదు. అలా మొత్తం పూర్తిచేస్తే దాన్ని నిండు మోత అంటాం. అది అయ్యేసరికి ఒక పూట గడిచిపోతుంది. మధ్యలో తాడు వదలకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, కాగితం చూసుకోకూడదు. నాయకత్వం వహించే మనిషి అక్కడక్కడ ఒక కేక వేస్తే గంటలు దారి మార్చుకుంటాయి. ఆ కేకలన్నీ ఆ ఒక్క మనిషి తలలోనే ఉండాలి. మా దగ్గర ఆ తల థిర్జాది.

మా గోపురం గోడ మీద, నిండు మోత పూర్తిచేసినవాళ్ళ పేర్లు రాసిన చెక్కలు నాలుగు వేలాడుతుంటాయి. నాలుగూ బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి మోగించి వెళ్ళినవే. మా ఊరివాళ్ళు ఎనిమిది మంది కలిసి మోగించినది ఒక్కటీ లేదు. థిర్జాకి ఆ గోడ చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ సగంలో చెడగొట్టాం. ఒకసారి హ్యూకి తుమ్ములు పట్టుకున్నాయి. మిగతా రెండుసార్ల సంగతి నన్నడగకండి.

వేసవి వెళ్ళిపోతున్న రోజుల్లో సూపర్ మార్కెట్ ముందు పరీక్షల వ్యాను వచ్చి ఆగింది. ఆడవాళ్ళ రొమ్ములకు ఎక్స్‌రే తీసే వ్యాను. థిర్జా ఉల్లిపాయలు కొనడానికి వెళ్ళి, ఎలాగూ వచ్చాను కదా అని ఎక్కి దిగింది. తర్వాత పట్నం ఆసుపత్రికి రమ్మన్నారు. సూదితో ముక్క తీశారు. ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ, క్యాన్సరే అన్నారు. ఆపరేషన్ చేసి గడ్డనూ, చంకలో కొన్ని గ్రంథులనూ తీసేస్తామనీ, తర్వాత మందులు, రేడియేషన్ సంగతి చూద్దామనీ, ఆపరేషన్‌కి మూడు వారాలు ఆగాలనీ చెప్పారు. ఎడమ చెయ్యి కొన్నాళ్ళు పైకి లేవదు, వాపు రావచ్చు, కొందరికి మునుపటిలా పూర్తిగా రాదు అని కూడా చెప్పారు. అంతా విని థిర్జా డాక్టర్ని అడిగింది ఒక్కటే. ఈ మూడు వారాల్లో తాడు లాగవచ్చా అని. ఆయన బట్టలారేసే తాడు అనుకుని, బరువు ఎక్కువైతే ఎవరినైనా సాయం పిలవమన్నాడట. ఆవు బరువున్న గంట అని తెలిశాక కాసేపు ఆమె వైపు చూసి, ఆపరేషన్‌కి ముందు అడ్డేమీ లేదు, తర్వాత సంగతి మాత్రం మాటివ్వలేను అన్నాడట.

ఆ గురువారం గోపురంలో, బూజు దులుపుతున్నంత మామూలుగా ఆమె ఇదంతా మాకు చెప్పింది. చెప్పి, ఇక తాళ్ళు పట్టుకోండి అంది. మేం పట్టుకున్నాం. ఆ సాయంత్రం మేం ఎలా మోగించామో దేవుడికే తెలియాలి.

మర్నాటి నుంచి ఊరంతా మెత్తబడిపోయింది. నాకైతే అదే జబ్బులా కనపడింది. థిర్జా ఇంటి గుమ్మంలో మాంసం, బంగాళాదుంప కలిపి కాల్చిన వంటకాల పళ్ళేలు వరుసకట్టాయి. ముప్ఫై ఏళ్ళు ఊరికి వండిపెట్టిన మనిషికి ఉప్పులేని కూరలు మోసుకెళ్ళారు, వాళ్ళలో మా ఆవిడ ఈడిత్ కూడా ఉంది. రొట్టెల కొట్లో ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. నువ్వు ధైర్యవంతురాలివి, నీకేం కాదు, మా పిన్నికి ఇలాగే వచ్చి ఇప్పుడు స్పెయిన్‌లో తిరుగుతోంది అనేవాళ్ళు. కొందరు ఏడ్చేవాళ్ళు. వాళ్ళని ఓదార్చి పంపించి, థిర్జా కుర్చీలో కూలబడేది. జబ్బుకన్నా జబ్బు సంగతి జనానికి చెప్పడం ఎక్కువ అలుపు తెస్తోందని ఈడిత్‌తో అందట.

రెండో గురువారం వచ్చింది. థిర్జా ఎప్పటిలా ముందే వచ్చి తన తాడు కింద నిలబడింది. మోత మొదలైంది. మొదలైన కాసేపటికే ఆమె గంట ఆలస్యంగా పడటం మొదలుపెట్టింది. ఫిలిప్పా దెబ్బ మీద తన దెబ్బ వేస్తోంది. చెవిటివాడికి కూడా వినపడే తప్పు. నేను నేల చూశాను. హ్యూ గోడ చూశాడు. పాపం, నిద్ర లేదేమో, భయం పట్టుకుందేమో, చెయ్యి లాగుతోందేమో అని తలో రకంగా జాలిపడుతూ లాగాం. ఆగాక ఫిలిప్పా తియ్యగా నవ్వి, చాలా బాగా వచ్చిందంది.

థిర్జా తాడు చుట్టి కొక్కేనికి తగిలించింది.

"కావాలనే కొట్టాను తప్పు. మొదటినుంచీ చివరిదాకా. ఇంతమందిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. నేనింకా చావలేదర్రా."

ఆ మాట అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. గోపురం మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతూ దిగాలి. నా మోకాళ్ళకి అవి పడవు. అయినా వెనకే దిగాను. సమాధుల మధ్య బాట మీద అందుకున్నాను.

నన్ను చూసి ఆగింది. "అందరి సంగతీ సరే. నువ్వు కూడానా క్లెమ్? ఈస్టర్ నాడు ఒక్క దెబ్బ ముందు పడిందని పబ్‌లో అందరి ముందూ నా పరువు తీసినవాడివి."

నొప్పి పెడుతోందేమో అనుకున్నానని గొణిగాను.

"నొప్పే లేదయ్యా, వింతంతా అదే. తడిమితే తెలియదు, అద్దంలో కనపడదు. ఎవరో చెప్పబట్టి తెలిసింది గానీ లేకపోతే హాయిగా క్యాబేజీ ఉడకబెట్టుకుంటూ ఉందును." చలికి కోటు దగ్గరకి లాక్కుంది. "రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే గుండె దడదడలాడుతుంది. తల్లో కేకల వరుస మొదట్నుంచీ చెప్పుకుంటాను. ఎక్కడో తప్పుతాను, మళ్ళీ మొదటికొస్తాను. తెల్లారేదాకా అదే పని. అది చెప్పుకుంటున్నంతసేపే భయం ఊరుకుంటుంది."

అక్కడే నిలబడి అసలు మాట బయటపెట్టింది. ఆపరేషన్ మంగళవారం. దానికి ముందు శనివారం పొద్దున ఒక నిండు మోత కావాలి. రెండు చేతులూ పైకి లేస్తున్నప్పుడే. తర్వాత ఏ చెయ్యి ఎంతవరకు లేస్తుందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఇది ఒక్కటే అవకాశం. ఎవరి జాలీ వద్దు, ఎనిమిది మందీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని లాగితే చాలు. నేను అందరికీ చెప్తానన్నాను.

శనివారం ఊరు ఊరంతా కుర్చీలు తెచ్చుకుని చర్చి ముందు పచ్చిక మీద కూర్చుంది. ఈడిత్ టీ కెటిళ్ళతో సిద్ధమైంది. పైన మేం ఎనిమిది మందిమి చొక్కా చేతులు మడిచి, ముందే నీళ్ళు తాగి, ముందే అన్ని పనులూ ముగించుకుని నిలబడ్డాం. హ్యూ ఆ పొద్దున మిరియాలు తగిలిన తిండి ముట్టలేదట.

మొదటి గంట పట్టినవాళ్ళు మొదలుపెట్టే ముందు చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. మా తాతల కాలం నుంచీ అవే మాటలు. థిర్జా చేతులు రెండూ పైకెత్తి తాడు మీది ఉన్ని పట్టును బిగించి పట్టుకుంది. అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.

"చూసుకోండి." తాడు కొద్దిగా లాగింది. పైన గంట నిలకడ తప్పే అంచుకి వచ్చింది. "కదులుతోంది." ఇక వెనక్కి తీసుకోలేని చోటికి వచ్చింది. "కదిలింది."

కదిలింది. మేమూ కదిలాం.

ఆ పొద్దున సంగతి ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. నలభై ఏళ్ళు తాడు లాగినవాణ్ణి, అలాంటిది ఎన్నడూ వినలేదు. మొదటి కాసేపు అందరం బిగుసుకుపోయి లాగాం. తర్వాత ఎప్పుడో బిగువు వదిలింది. ఎనిమిది గంటలూ ఒక్క మనిషి ఊపిరిలా పడటం మొదలైంది. గోపురం ఊగింది. రాతి గోపురం, దాన్ని కట్టినవాళ్ళ ఎముకలు కూడా మిగిలి ఉండవు, మా పాదాల కింద పడవలా మెల్లగా ఊగుతోంది. అది ఎప్పుడూ ఊగుతుంది, నాకు తెలుసు. ఆ రోజు మాత్రం మొదటిసారి ఊగినట్టు అనిపించింది. తాళ్ళు పైకి పోతున్నాయి, కిందికి వస్తున్నాయి. వాటి మధ్య మా భుజాలు దాటని ఆ చిన్న మనిషి, తలపైకి రెండు చేతులూ పూర్తిగా చాపి, ఆవు బరువున్న కంచుని కాలివేళ్ళ మీద లేచి అందుకుని, దించి, మళ్ళీ పంపుతోంది. ఎడమ చేతి కిందే ఆ బఠాణీ గింజ ఉంది. దానికి మూడు వేళ్ళ దూరంలో గుండె ఉంది. కళ్ళు మాత్రం అందరి తాళ్ళ మీదా తిరుగుతున్నాయి, నోరు సరిగ్గా అక్కడికక్కడ కేక వేస్తోంది. భయమనేది ఉన్న మనిషేనా అనిపించింది. ఉందని నాకు తెలుసు. భయం ఉండి అలా నిలబడటం చూసి నాకు కళ్ళు చెమర్చాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

కిటికీలోంచి పడ్డ ఎండ హ్యూ బూట్ల దగ్గర మొదలై, గది దాటి, ఎదురు గోడ ఎక్కడం మొదలుపెట్టింది. అరచేతులు మండుతున్నాయి. ఇక కొంచెమే మిగిలింది. ఫిలిప్పా మొహంలో అప్పుడే నవ్వు మొదలైంది.

అప్పుడు థిర్జా చూపు ఒక్క క్షణం తన ఎడమ చేతి మీదికి వెళ్ళింది. పైకి లేస్తున్న చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ఆ క్షణంలో వేయాల్సిన కేక వేయలేదు.

ఆ కేకల వరుస నాకూ కంఠతా వచ్చు. నేర్పింది ఆమే. ఆ కేకతో నా గంట దారి మారాలి, మారలేదు. మిగతావాళ్ళకి అది తెలియదు. వాళ్ళు కేక వినపడితే మారుతారు, లేకపోతే సాగిపోతారు. హ్యూ గంట ఎప్పుడూ ఆఖరునే. థిర్జా మొదటి గంటకి ఆ కేకతో పని లేదు కాబట్టి ఆమె చేతులకూ తేడా తెలియదు. మోత ఎంతో చక్కగా సాగిపోతోంది. కింద కుర్చీల్లో ఉన్నవాళ్ళకి ఎప్పటికీ తెలియదు. కానీ ఇక నుంచి మోగే వరుసలు ఇదివరకు మోగినవే. ఆ చోటు దాటిపోయాక దిద్దుకోవడానికి వీలుండదు. అది నిండు మోత కాదు, ఇక కాబోదు.

తాడు లాగుతూనే ఉన్నాను. నోరు మూసుకుంటే కాసేపట్లో అయిపోతుంది. కింద చప్పట్లు కొడతారు. గోడ మీద చెక్క ఎక్కుతుంది, దాని మీద బంగారు రంగులో ఆమె పేరు ఉంటుంది. మంగళవారం నాడు ఆ ఒక్క సంతోషం వెంటపెట్టుకుని వెళ్తుంది. చెప్తే అదీ పోతుంది, మళ్ళీ అవకాశం వస్తుందని ఎవరు హామీ ఇస్తారు? సమాధుల బాట మీద, నువ్వు కూడానా అని అడిగిన మొహం గుర్తొచ్చింది.

"థిర్జా," అన్నాను. "కేక తప్పిపోయింది."

ఎవరూ మోత ఆపలేదు. ఆమె నా వైపు చూసింది. తర్వాత తాళ్ళ వైపు చూసింది, ఏది దేని వెనక పడుతోందో ఒక్కొక్కటిగా. ఆమె పెదవులు కదిలాయి. లెక్క చూసుకుంటోంది. నా మాట తప్పైతే బాగుండునని, జీవితంలో మొదటిసారి, కోరుకున్నాను.

"ఆగండి," అంది.

ఎనిమిది గంటలూ ఒకదాని తరువాత ఒకటి నోరు పైకెత్తి నిలిచిపోయాయి. అంతసేపటి మోత తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దం చెవుల్లో హోరుపెట్టింది. కింద ఒకరిద్దరు చప్పట్లు మొదలుపెట్టి, ఎందుకో అనుమానం వచ్చి ఆపేశారు.

ఫిలిప్పా నా మీద విరుచుకుపడింది. "నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదయ్యా? ఎవరికి తెలిసేది?" హ్యూ, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, మంగళవారం ఆపరేషన్ పెట్టుకున్న మనిషికి చెయ్యాల్సిన పనేనా ఇది అన్నాడు. మిగతావాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. మెట్లు దిగి ఇంటికి పోదామనుకున్నాను.

థిర్జా గోడవార బల్ల మీద కూర్చుని ఉంది. అరచేతులు తెరిచి చూసుకుంటోంది, ఎర్రగా కమిలిపోయాయి. భుజాలు అదురుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత ఏడ్చింది కూడా. రెండూ ఆగాక చేతిరుమాలుతో ముక్కు గట్టిగా చీదింది.

"వాణ్ణేమీ అనకండి. అంత బాగా మోగించిన మీ అందరికీ నా దండం, అది వేరు సంగతి. తప్పు నాది. దాన్ని తప్పని ఒకడు చెప్పాడు." నా వైపు తిరిగింది. "చెప్పకుండా ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తెలుసా క్లెమ్? మంగళవారం మత్తులోంచి కళ్ళు తెరిచాక నిజమేంటో అడగడానికి నాకు ఈ ఊళ్ళో మనిషే ఉండేవాడు కాదు. వాళ్ళింకేమైనా తీసేశారా, నా రంగు ఎలా ఉంది, చెయ్యి ఎలా ఉంది, ఎవర్నడగను? అందరూ బాగున్నావనే అంటారు. నన్ను ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్ళాలి."

ఫిలిప్పా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. కాసేపటికి, మనసులో పెట్టుకున్నది ఆపుకోలేక, నిరుడు క్రిస్మస్ నాడు థిర్జా గంట ప్రతిసారీ ముందు పడిందనీ, అప్పట్లో చెప్పలేదనీ అంది. థిర్జా కళ్ళెర్రజేసి, అది నీ గంట ఆలస్యం అంది. ఇద్దరూ పోట్లాడుకుంటూ మెట్లు దిగారు. వెనక దిగుతున్న మాకు వాళ్ళ గొంతులు రాతి గోడల్లో తిరుగుతూ వినపడ్డాయి. ఊరు మళ్ళీ మామూలైందని నాకు అప్పుడు అనిపించింది.

మంగళవారం పొద్దున పొగమంచు. కారులో ఆమె కాళ్ళ మీద చిన్న సంచి పెట్టుకుని దాని పిడి తిప్పుతూ కూర్చుంది. పట్నం పొలిమేర దాటాక అడిగింది.

"చెయ్యి మళ్ళీ లేస్తుందంటావా?"

"తెలీదు థిర్జా."

"బతుకుతానంటావా?"

"బతుకుతావనే అనుకుంటున్నా. అదీ తెలీదు."

తలూపింది. "భయంగా ఉంది."

నాకూ భయంగా ఉందన్నాను. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి, రోడ్డు చూసి నడపమంది.

ఆసుపత్రిలో ఒక చోటు దాటి నన్ను రానివ్వరు. రెండు రెక్కల తలుపు, దాని ముందు వరుసగా కుర్చీలు. నర్సు వచ్చి పేరు పిలిచింది. థిర్జా సంచి ఆమెకిచ్చి తలుపు దాకా నడిచింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చేస్తుందేమో అనుకున్నాను. ఆమె ఎడమ చెయ్యి పైకెత్తింది. పూర్తిగా, తాడు అందుకునేంత ఎత్తుకి, కాలివేళ్ళ మీద లేచి, గుప్పిట బిగించి. ఆ పిడికిలి ఎత్తు ఎంతో గుర్తుపెట్టుకోమన్నట్టు నా వైపు చూసింది.

"చూసుకోండి," అంది.

నర్సుకి అర్థం కాలేదు. ఏం పర్లేదు, భయపడకండి అంటూ మెల్లగా తలుపు తెరిచింది.

"కదులుతోంది."

తలుపు ఆమె వెనక మూసుకుంది. తలుపు అద్దంలోంచి ఆ చెయ్యి ఇంకా పైకి ఎత్తే ఉండటం కనపడింది, తర్వాత మలుపు తిరిగి అదీ కనపడలేదు. అప్పుడు లోపలినుంచి, ముప్ఫై ఏళ్ళు బడి వంటింటిని అదుపులో పెట్టిన ఆ గొంతు వచ్చింది.

"కదిలింది."

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా తలెత్తి చూశారు. నా రెండు చేతులూ అప్పటికే గాలిలోకి లేచి, నా వంతు కోసం ఎదురుచూస్తున్నాయి.